కానిస్టేబుల్ నోటికి తాళం ఎవరేశారు?

లాఠీ దెబ్బలు తిన్నోళ్లం మనం. లాఠీ పట్టినోడి బాగోగులు మనకెందుకని విద్యార్థి మిత్రులు అడగొచ్చు. అడగాలి కూడా. మా జవాబు ఒకటే. పొద్దుననగా రోడ్డెక్కి, అన్నం వేళకు అన్నం లేక, పై అధికారి తిట్లు తిని, రాత్రి మళ్లీ గస్తీకి పోవాల్సిన మనిషి చేతిలో లాఠీ ఎట్లా ఆడుతుందో మన వీపులకు తెలుసు. అట్లని కొట్టినోడి తప్పు మాఫీ కాదు. ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు.

గిద్దలూరు కానిస్టేబుల్‌నే తీసుకోండి. ఒంగోలు జిల్లా కేంద్రంగా ఉన్నన్నాళ్లూ పరేడన్నా, మంత్రి పర్యటన అన్నా 150 కిలోమీటర్లకు అటూ ఇటూ ప్రయాణం. యర్రగొండపాలెం, దోర్నాల వాళ్లకు నల్లమల. 2004 అక్టోబరులో మావోయిస్టు నాయకులు చర్చల కోసం అడవి దాటి బయటికొచ్చింది ఈ చిన్నారుట్ల కాడే. ఇప్పుడు ఆ తుపాకుల భయం లేదు. శివరాత్రికి శ్రీశైలం పోయే బండ్లు, ఘాట్ రోడ్డు యాక్సిడెంట్లు, పొలం గట్ల తగాదాలు ఉన్నాయి. 2025 డిసెంబరు ఆఖరున మార్కాపురం జిల్లా అయింది. సంతోషం. కొత్త జిల్లా అంటే కొత్త బందోబస్తులు కూడా. వాటికి నిలబడేది ఎవరు? ఆ ఉన్నోళ్లే!

నిలబడ్డోడు నోరు విప్పగలడా? ఎన్జీవోలు సమ్మె నోటీసు ఇస్తే సర్కారు పిలిచి మాట్లాడుతుంది. టీచర్లు ధర్నా చేస్తే మంత్రి కదులుతాడు. పోలీసుకు ఆ దారి మూసేసింది 1966 నాటి పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం. అనుమతి లేకుండా సంఘం పెట్టరాదు, పత్రికలతో మాట్లాడరాదు. ఎస్పీ దర్బార్‌లో చెప్పుకోవచ్చు కదా అంటారు. సీఐ, డీఎస్పీ పక్కన నిలబడి వింటుంటే ఎవడు చెబుతాడయ్యా? చెప్పినోడికి మరుసటి రోజు మెమోనో, వీఆరో!

ఇక మిగిలింది పేరు లేని కాగితం. అంటే సర్వే. ఇదేమీ గాలిలోంచి పుట్టిన కోరిక కాదు. హైదరాబాద్ బెల్లా విస్టాలో ఉన్న అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 2014లోనే ఈ పని చేసింది. నేషనల్ పోలీస్ అకాడమీ డైరెక్టర్‌గా చేసిన కమల్ కుమార్ నాయకత్వంలో 319 జిల్లాల్లో 12 వేల మందికి పైగా స్టేషన్ సిబ్బందిని అడిగారు. పదిమందిలో దాదాపు తొమ్మిది మంది రోజుకు 8 గంటలకు మించి పనిచేస్తున్నారని తేలింది. నెలకు ఒక్కసారి కూడా వారపు సెలవు దొరకదన్నవాళ్లు నూటికి 73 మంది పైనే. 2019లో కామన్ కాజ్, లోక్‌నీతి సంస్థలు మన రాష్ట్రంతో కలిపి 21 రాష్ట్రాల్లో మళ్లీ అడిగాయి. సగటున రోజుకు 14 గంటలని జవాబొచ్చింది. అయిదేళ్లు గడిచినా పాట మారలేదు.

అదే ఏడాది జూన్‌లో ఆంధ్రప్రదేశ్ సర్కారు పోలీసులకు వారానికో రోజు సెలవని ప్రకటించింది. పత్రికల్లో పెద్ద పెద్ద ఫోటోలు. మంచి నిర్ణయమే, కాదనం. మరి ఆ సెలవు దోర్నాల దాకా వచ్చిందా, దారిలోనే ఆగిందా? సెలవు ఇచ్చామని రాసుకునే రిజిస్టరు స్టేషన్‌లో ఉంటుంది. సెలవు దొరికిందా అని ఇంటికి పోయిన మనిషిని అడిగే కాగితం మాత్రం ఎక్కడుంది? ఇంగ్లండ్, వేల్స్‌లో 2019 శీతాకాలంలో డర్హాం యూనివర్సిటీ వాళ్లు అడిగితే 34 వేల మందికి పైగా పోలీసు ఉద్యోగులు జవాబిచ్చారు. ఒక్కసారితో ఆపకుండా తర్వాత మళ్లీ అడిగారు. మందు వేసినోడు నాడి మళ్లీ చూడాలి కదా!

రాష్ట్రం మొత్తానికి ఒక సగటు లెక్క తీసి చేతులు దులుపుకుంటే ఒప్పుకోం. విజయవాడ ఏసీ గదిలో కూర్చున్న మనిషినీ, ఘాట్ మలుపు కాడ ఎండలో నిలబడ్డ మనిషినీ కలిపి రెండుతో భాగిస్తే వచ్చే అంకెలో గిద్దలూరు కనపడదు. అట్లని స్టేషన్ వారీగా అచ్చేయడమూ ముప్పే. ఇద్దరే మహిళా కానిస్టేబుళ్లున్న చోట "మహిళ, వయసు 30 లోపు" అని రాస్తే పేరు రాసినట్టే. సబ్ డివిజన్ వారీగా చెప్పండి. పదిమంది కూడా లేని గుంపు లెక్కను బయటపెట్టకండి.

ఫారం ఎస్పీ ఆఫీసు నుంచి రాకూడదు. ఫోన్ నంబరు కొట్టు, ఓటీపీ పెట్టు అంటే అందరూ "బాగుంది" అనే నొక్కుతారు. యూనివర్సిటీ వాళ్లు రావాలి, తెలుగులో అడగాలి, హోంగార్డులను మరవకూడదు. ఎన్ని గంటలు నిద్రపోయావు, సరెండర్ లీవు డబ్బులు ఎన్నాళ్లకు చేతికొచ్చాయి, బందోబస్తులో మహిళలకు మరుగుదొడ్డి ఉందా, పైవాళ్లు బూతులు తిడుతున్నారా? ఇవి అడగాలి. వచ్చిన జవాబులు బీరువాలో పెట్టకుండా మూడు నెలల్లో బయటపెట్టాలి, ఏం మార్చారో దాని పక్కనే రాయాలి. ఆరునెలలకు మళ్లీ అవే ప్రశ్నలు. 2019లో ప్రకటించిన ఆ సెలవు పోయిన నెలలో ఎన్నిసార్లు దొరికిందన్నదే మొదటి ప్రశ్నగా పెట్టండి.