కంచెకు ఇవతలి ప్రేక్షకుల ప్రణాళిక

మేం ప్రేక్షకులం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుంచి మాట్లాడుతున్నాం. మా గుంపుకు ఇంకా పేరు పెట్టుకోలేదు. జెండా లేదు, చందా రసీదు పుస్తకం అంతకన్నా లేదు. చేతిలో ఉన్నదల్లా ఒక తగువు. ఆరేళ్లపాటు ఒక అమెరికా సీరియల్ మీద మాలో మేం పడిన ఆ తగువు చివరికి మమ్మల్ని మోంటానా కొండల నుంచి మళ్లించి విసునూరు దేశ్‌ముఖ్ గడి ముందుకు తెచ్చి నిలబెట్టింది. చదువుతున్న మీరు కూడా ఏదో ఒక రాత్రి ఏదో ఒక కథ ముగింపు మీద అన్నం చల్లారేదాకా వాదించి ఉంటే, ఇప్పటికే సగం మావాళ్లు.

ఆ సీరియల్ పేరు ‘ఎల్లోస్టోన్’. టేలర్ షెరిడన్, జాన్ లిన్సన్ కలిసి అల్లిన కథ. 2018 జూన్ 20న మొదలై, అయిదు సీజన్లు నడిచి, 2024 డిసెంబర్ 15న ముగిసింది. మోంటానాలో డటన్ కుటుంబానికి కనుచూపు మేర పశువుల రాంచ్. దాన్ని మింగాలని చూసే రియల్ ఎస్టేట్ పెట్టుబడి ఒకవైపు, ఆ నేల ఒకప్పుడు మాదేనన్న ఆదివాసులు మరోవైపు. మధ్యన జాన్ డటన్ వేషంలో కెవిన్ కాస్ట్నర్, చట్టం కన్నా కంచె గొప్పదని నమ్మిన పెద్దమనిషి. ఆ ఇంటి పూర్వకథలుగా ‘1883’, ‘1923’ వచ్చాయి. మాలో చాలామందిమి అన్నీ చూశాం. కొందరం రెండేసి సార్లు.

ఆ రాంచ్‌లో ఒక ఆచారం ఉంది. జైలు నుంచి వచ్చినవాడికి, దిక్కులేనివాడికి పని ఇస్తారు. ఇచ్చి, పశువుకు వేసినట్టే కాల్చిన ఇనుముతో ఛాతీ మీద ముద్ర వేస్తారు. ఆ ఘట్టం వస్తే మాకు రోమాలు నిక్కబొడుచుకునేవి. ఒకసారి దేవరుప్పుల మండలంలో ఒక కురుమల ఇంట్లో, ఫోన్‌ను చెంబుకు ఆనించి నలుగురం చూస్తున్నాం. వెనక నులక మంచంలో పడుకున్న అవ్వ లేచి కూచుంది. గొర్ల చెవులకు గాట్లు పెట్టి మందను గుర్తుపట్టుకున్న చేతులు ఆమెవి.

‘‘మనుషులకు గూడ వాతలు పెడుతున్నరేందిరా?’’

‘‘వాత గాదవ్వా, నమ్మకం. ఇగ సచ్చేదాక ఆ దొరను ఇడిసి పోనని గుర్తు’’ అన్నాడు మనవడు.

అవ్వ కాసేపు చూసింది. ‘‘జీతమెంతనట?’’

అయిదు సీజన్లలో మాలో ఒక్కరికీ రాని ప్రశ్న అది. దొరల ఇళ్లల్లో తరాలకు తరాలు జీతగాళ్లుగా అరిగిపోయిన ఊళ్ల పిల్లలం, ముద్రను చూసి మురిశాం, కూలి అడగడం మరిచాం. ఈ ప్రణాళిక ఆ మంచం పక్కన పుట్టింది. మా విశ్వాసాలు ఇవి.

1. అభిమాని కథకు జీతగాడు కాడు. కటౌట్‌కు పాలు పోసి, పక్క హీరో మనుషులతో తన్నులాడి, పొద్దున్నే ఖాళీ జేబుతో ఇంటికి పోయే అభిమానం కాలం చేసింది. దాని దినాలు చేసే తీరిక మాకు లేదు. కొత్త అభిమాని ఎలా ఉంటాడో ఎల్లోస్టోనే చూపించింది. 2023 జనవరి 1న ఆగిపోయిన అయిదో సీజన్ మళ్లీ తెర మీదికి రావడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. కాస్ట్నర్ తప్పుకున్నాడు. 2024 నవంబర్ 10న కథ తిరిగి మొదలవుతూనే జాన్ డటన్ శవమై కనిపించాడు. ఆయన లేని రాంచ్ మాకెందుకని అక్కడి అభిమానులు ఎందరో అలిగారు. మాలోనూ ఇద్దరు అక్కడే ఆపేశారు, ఇప్పటికీ చూడలేదు. మిగతావాళ్లం మాత్రం ఊపిరి పీల్చుకున్నాం, పెద్దాయన పోయాకగానీ నేల మీదికి మా చూపు పోలేదు మరి. ఎవరిది రైటు? తేల్చం. దర్శకుడితో, నటుడితో, పక్కన కూచున్న అభిమానితో ఏకకాలంలో విభేదించగలగడమే మేం కోరుకునే అభిమానం.

2. భూమి కథకు ఒకటే గీటురాయి: ఆఖరి ఎపిసోడ్‌లో పట్టా ఎవరి చేతికి పోయింది? ఎల్లోస్టోన్ ముగింపులో జాన్ డటన్ కొడుకు కేసీ ఆ రాంచ్ మొత్తాన్ని బ్రోకెన్ రాక్ ఆదివాసులకు అమ్మేస్తాడు, ఎకరం ఒక డాలరు పావలా లెక్కన. వందేళ్ల పైచిలుకు కిందటి ధర అది. మన డబ్బుల్లో నూరు రూపాయలకు కాస్త పైన. హైదరాబాద్–వరంగల్ హైవే పక్కన ఆ డబ్బుకు నలుగురికి చాయ్, సమోసా వస్తాయి. ఈ ముగింపుకు కొందరం చప్పట్లు కొట్టాం. కొందరం ‘అంత కాపాడింది ఇందుకా’ అని నెత్తి కొట్టుకున్నాం. మూడో మాట నెమ్మదిగా వచ్చింది: వారసత్వ పన్ను కట్టలేక, ఇంకెవరికో పోయేకన్నా అని ఇచ్చారు కదా, అంటే నేల తిరిగి రావడం కూడా దొర నిర్ణయమేనా?

మా నేలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. పుచ్చలపల్లి సుందరయ్య రాసిన లెక్కలో విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి భూమి 40,000 ఎకరాలు, పెత్తనం 60 ఊళ్ల మీద. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసుకున్నది నాలుగెకరాలు. ఆ పంట మీదికి గడి మనుషులు వచ్చినప్పుడు ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు అడ్డం నిలబడి, ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద గడి తుపాకులు పేలితే దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో పంచిన భూమి 10 లక్షల ఎకరాలన్నది అదే సుందరయ్య లెక్క. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం పటాలాలు దిగాక పారిపోయిన దొరలు తిరిగొచ్చి అందులో ఎంతో గుంజుకున్నారు. ఆ తర్వాతగానీ 1950 కౌలుదారీ చట్టం రాలేదు. ఇక్కడ భూమి ఎవరి మనసు కరిగీ రాలేదు, వచ్చింది నిలవనూ లేదు. ఒకసారి గెలిచి, ఓడి, కాగితం పట్టుకుని మళ్లీ తిరిగిన కథ ఇది. అయిదు సీజన్లు చాలవు.

3. పూర్వకథ చెప్పే హక్కు పోగొట్టుకున్నవాడిది. ‘1883’ను మాలో చాలామంది అసలు సీరియల్ కన్నా మిన్నగా ప్రేమించాం. బండ్ల బిడారులో ఆడుతూ పాడుతూ వచ్చిన డటన్ల బిడ్డ ఎల్సా చివర తండ్రి ఒళ్లో ప్రాణం విడుస్తుంటే సబ్‌టైటిల్స్ చదవడం మా వల్ల కాలేదు, కళ్ల నిండా నీళ్లు. ఆమెను పాతిపెట్టిన చోటే డటన్లు పాతుకుపోయారు. ఏడో తరంలో తమవాళ్లు లేచి ఈ నేలను వెనక్కి తీసుకుంటారని ఒక ఆదివాసీ పెద్ద ముందే చెప్పాడు. ఏడుపు తగ్గాక అడగవలసింది ఒకటి మిగిలింది. సమాధి పట్టా అవుతుందా? బిడ్డను పోగొట్టుకున్న దుఃఖం నిజమే. ఆ గోతికి ముందు ఆ గడ్డి మీద తిరిగినవాళ్ల బిడ్డల సమాధులు ఎక్కడ?

విసునూరు గడికీ ఒక పూర్వకథ ఉంది. శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టవలసిన కుటుంబాలు, సర్వే సెటిల్‌మెంట్ కాలంలో దున్నేవాడికి తెలియకుండా ఊళ్లకు ఊళ్లను తమ పేర రాయించుకున్న కథ. అది దేశ్‌ముఖ్ ముత్తాత సాహసగాథగా వస్తే మేం చూడం. దారి చూపించినవాడు మా మహబూబాబాద్ జిల్లాలోనే పుట్టాడు. చినగూడూరు దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ నవలల్లో పోరాటానికి ముందు, పోరాటం, ఆ తరువాత అని తరాల వెంట నడిచాడు. మొదటిది 1977లో సినిమా అయింది. మిగతావి ఎదురుచూస్తున్నాయి. స్పిన్‌ఆఫ్ అన్న మాట మన చెవిన పడకముందే ఆ పని మన భాషలో జరిగిపోయింది.

4. పశువుల కాపరి కథ మాకు అరువు సొత్తు కాదు. 1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’తో తెలుగు కౌబాయ్‌ని గుర్రమెక్కించాడు. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, ఆరుద్ర మాటలు, రాజస్థాన్ ఎడారి. 2023 మే 31న అది మళ్లీ విడుదలైతే ఈలలు వేసినవాళ్లలో మేమూ ఉన్నాం, దాచుకోం. కానీ మా కౌబాయ్‌లు టోపీ పెట్టుకోలేదు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశమంతా తిరిగిన బంజారాలు మానుకోట (మహబూబాబాద్) తండాల్లో స్థిరపడ్డారు. ధర్మాపురంలో జాటోతు ఠానూ లంబాడీల భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచాడు. దొడ్డి కొమురయ్య కురుమ. గొర్లకాపరి ఇంట్లో పుట్టి తుపాకీకి ఎదురు నడిచినవాడి కన్నా పెద్ద వెస్టర్న్ హీరో మాకు తెలియదు.

చెప్పే పద్ధతి కూడా మా దగ్గరే ఉంది. జనగామ పక్క మాణిక్యపురం నుంచి వచ్చిన చుక్క సత్తయ్య ఒగ్గుకథను దేశమంతా వినిపించాడు. మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ ఒకదాని కడుపులోంచి ఒకటి పుట్టుకొస్తాయి. డోలు ఆగిన చోట ఎపిసోడ్ ఆగుతుంది. చేర్యాల నకాశీ పటం చూడండి. చాపలా చుట్టిన గుడ్డను జానెడు జానెడు విప్పుతూ, ఎర్రటి నేపథ్యం మీద ఒక్కో వరుస చూపుతూ, కాకిపడగలవాళ్లో కూనపులివాళ్లో రాత్రుళ్లు రాత్రుళ్లు కథ నడిపారు. విప్పనిది ఎంత మిగిలిందో చుట్ట లావు చూసి పిల్లలు లెక్కపెట్టుకునేవాళ్లు. మేం కలగనే సీరియల్ ఆ చుట్టలోంచి రావాలి.

5. జాన్ కూతురు బెత్ డటన్‌ను ఇష్టపడినందుకు మేం సిగ్గుపడం. నోరు తెరిస్తే నిప్పు, దెబ్బకు దెబ్బ. మా ఆడవాళ్లలో ఆమెకున్నంత బలగం జాన్ డటన్‌కు లేదు. అయితే కడవెండి గడిలో దేశ్‌ముఖ్ తల్లి జానమ్మ ఉండేది. ఆమె పేరు చెబితే ఆ ఊళ్లలో ముసలివాళ్లు ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. ధైర్యం, కసి, ఇంటి మీద మమకారం ఆమెకూ తక్కువ లేవు. బెత్‌నీ జానమ్మనీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మాకు నిద్ర పట్టలేదు. గడి లోపలి నుంచి చూస్తే వీరనారి, వాకిట్లోంచి చూస్తే మరొకటి. కాబట్టి మా కథలో కెమెరా వాకిట్లో ఉంటుంది, ఐలమ్మ ఎత్తులో.

6. మానుకోట తెలుగు, లంబాడీ, కోయ. ఎవరి పాత్ర వాళ్ల నోటితో మాట్లాడుతుంది. మా యాసను హాస్యగాడికీ రౌడీకీ పంచిపెట్టిన సినిమా గురించి ఇంతకన్నా రాయం.

7. కథ 1951లో ముగియలేదు. ఏజెన్సీలో ఆదివాసీ భూమి పరాయి చేతికి పోకూడదని 1970లో 1/70 చట్టం వచ్చింది. పోడు చేసుకునేవాళ్లకు హక్కు ఇస్తామని 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. కొత్తగూడ, గంగారం వైపు నాగలి పట్టినవాళ్లకు ఆ రెండు చట్టాలూ కంఠతా వచ్చు. భూపాలపల్లిలో పంచాయితీ నేల పైన ఆగదు, కిందికి దిగుతుంది, సింగరేణి బొగ్గు దాకా. పొలం ఓపెన్‌కాస్ట్ గొయ్యి అయినవాడు ఏ కంచె పక్కన నిలబడి ఇది నాదని చెప్పాలి? డటన్లకు ఈ కష్టం రాలేదు. ఇది మా స్పిన్‌ఆఫ్, మేమే రాసుకోవాలి.

రాబోయే ఆ రాత్రిని చెబుతాం. తండా బడి గోడ మీద తెర. మొదటి సీజన్ కడవెండి. రెండోది ఠానూది. మూడోది ఇంకా పుట్టని ఒక సింగరేణి పిల్ల రాస్తుంది. రచయితల గదిలో ఒగ్గు పూజారి, తండా నాయక్, వీఆర్వో పని చేసి దిగిపోయి పహాణీలు నోటికి చెప్పగల ముసలాయన కూర్చుంటారు. ఎపిసోడ్ అయ్యాక ఎవరూ లేచి పోరు, తగువు మొదలవుతుంది, ఆ తగువులో గెలిచిన మాట తరువాతి ఎపిసోడ్‌లోకి పోతుంది. దేశ్‌ముఖ్ మనవలు వచ్చినా చాప వేస్తాం, వాళ్లూ వాదించుకోవచ్చు. ఆఖర్న పేర్లు పడేటప్పుడు హీరో నుంచి లైట్ పట్టిన పిల్లాడి దాకా, ప్రతి పేరు ఎదుట జీతమెంతో రాసి ఉంటుంది.

ఇవాళ్టి పని చిన్నది. మీ ఊళ్లో గడి చూసిన కళ్లు, పోడు కొట్టిన చేతులు, గొయ్యిలో పొలం పోయిన ఇళ్లు వెతకండి. ఫోన్ చార్జింగ్ నింపుకుని పోయి, పూర్వకథను వాళ్ల గొంతులోనే రికార్డు చేసుకు రండి. నడుమ అడ్డం తగలకండి. పని చెడగొట్టుకుని మీకు కథ చెబుతారు గనక ఆ రోజు కూలి ఎంతిస్తారో ముందే చెప్పి కూచోండి. చెప్పకపోతే అవ్వ ఎలాగూ అడుగుతుంది.