కొబ్బరి బొగ్గు మందులను పడుతుంది. పట్టిన బొగ్గును ద్వీపంలో ఎక్కడ పెడతారు?

వరి ఊకతోనో, కొబ్బరి చిప్పతోనో, వక్క తొక్కతోనో తయారైన బొగ్గు నీటిలోని మందుల అవశేషాలను తొంభై శాతానికి పైగా తొలగించిందన్న వార్త ఏడాదిలో పలుమార్లు అనువాదం కోసం మా బల్లల మీదికి వస్తుంది. ఆ వార్త అబద్ధం కాదు. అయితే ఆ శాతం ఏ నీటిలో సాధ్యమైంది, పట్టుబడిన మందు తరువాత ఏమైంది అనే రెండు ప్రశ్నలకు అందులో సమాధానం దొరకడం అరుదు. కొబ్బరి, వక్క ప్రధాన తోట పంటలై ఉండి, వ్యర్థాలను పారవేయడానికి నేల కరవైన అండమాన్ నికోబార్ ద్వీపాలకు ఈ రెండు ప్రశ్నలే కీలకం.

2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపాల జనాభా 3,80,581. అందులో సుమారు ఎనిమిదో వంతు మంది మాతృభాష తెలుగు. ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిసినా, దాన్ని నిలుపుకొనే పెద్ద నదులు లేవు. 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు ధనిఖారి జలాశయమే ప్రధాన ఆధారం. వేసవిలో నీటిమట్టం పడిపోతే కుళాయి నీటికి రేషన్ తప్పదు. ఇటువంటి చోట వాడిన నీరు ఎటు పోతుందన్నది చిన్న విషయం కాదు.

పటాన్‌చెరు వంటి ఔషధ పారిశ్రామికవాడ అక్కడ లేదు. మందులు నీటిలోకి చేరేది మనుషుల ద్వారానే. సిప్రోఫ్లాక్సాసిన్ మాత్ర మింగితే దాదాపు సగం మందు మూత్రంలో యథాతథంగా బయటికి వస్తుంది. మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ అయితే శరీరంలో దాదాపు ఏ మార్పూ చెందదు. సెప్టిక్ ట్యాంకు మలినాన్ని కుళ్లబెట్టడానికి ఉద్దేశించినది. ఈ అణువులను విరగ్గొట్టడానికి కాదు. అక్కడి నుంచి ఇంకుడు గుంతకు, వాగుకు, చివరకు పగడపు దిబ్బలున్న సముద్రానికి దారి దగ్గరే.

బొగ్గు చేసే పని ఇక్కడ మొదలవుతుంది. మన పాఠ్యపుస్తకాలు శోషణం, అధిశోషణం అని రెండు మాటలు వాడతాయి. స్పాంజి నీటిని తనలోకి పీల్చుకోవడం శోషణం. అణువులు ఒక పదార్థపు ఉపరితలానికి అంటుకొని నిలవడం అధిశోషణం. పత్రికల్లో రెండింటినీ కలిపి ‘పీల్చుకుంటుంది’ అని రాసేస్తుంటాం. ఆ ఒక్క క్రియతోనే మందు మాయమైపోయిందన్న భావన పాఠకునిలో కలుగుతుంది. నిజానికి అది ఎక్కడికీ పోలేదు, బొగ్గుకు అంటుకొని ఉంది.

గాలి చొరనివ్వకుండా చిప్పను వేడి చేస్తే బొగ్గు వస్తుంది. దాన్ని అధిక ఉష్ణోగ్రతలో ఆవిరితోనో, ఫాస్ఫారిక్ ఆమ్లం వంటి రసాయనంతోనో ఉత్తేజితం చేస్తే లోపల లెక్కలేనన్ని సూక్ష్మరంధ్రాలు తెరుచుకుంటాయి. మంచి కొబ్బరి చిప్ప బొగ్గు ఒక్క గ్రాములో సుమారు వెయ్యి చదరపు మీటర్ల ఉపరితలం ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో విషవాయువుల నుంచి రక్షించే ముసుగుల్లో వాడినదీ ఇదే. అందువల్ల ద్వీపాల్లో తోటల పక్కన కుప్పలు పడే చిప్పలు, డొక్కలు, వక్క తొక్కలు పనికొచ్చే ముడిసరుకే. కాకపోతే ఆమ్లంతో తయారు చేసిన బొగ్గును కడిగిన నీరు కూడా శుద్ధి కావలసిన నీరేనన్న సంగతి మరువరాదు.

ప్రయోగశాలకూ కాలువకూ మధ్య తేడా పెద్దది. చాలా పరీక్షల్లో శుద్ధమైన నీటిలో ఒకే మందును లీటరుకు మిల్లీగ్రాముల చొప్పున కలుపుతారు. మురుగునీటిలో అదే మందు మైక్రోగ్రాముల్లో, అంతకన్నా తక్కువగా ఉంటుంది. దాని చుట్టూ సబ్బు, కొవ్వు, కుళ్లిన సేంద్రియ పదార్థం రంధ్రాల్లో చోటు కోసం పోటీ పడతాయి. అన్ని మందులూ ఒకలా అంటవు కూడా. సాధారణ నీటిలో డైక్లోఫినాక్ రుణావేశంతో ఉంటుంది, పారాసిటమాల్‌కు ఆవేశం ఉండదు, నీటిని అంటిపెట్టుకొనే మెట్‌ఫార్మిన్ బొగ్గుకు సులువుగా చిక్కదు. ఏ మందో చెప్పకుండా ‘ఔషధ అవశేషాల తొలగింపు’ అనడం శాస్త్రీయం కాదు.

బొగ్గు ఎంత భారం మోయగలదో తెలియాలంటే కాలుష్యం అత్యంత తీవ్రంగా నమోదైన చోటును చూడాలి. అది తెలుగు నేల మీదే ఉంది. నాటి మెదక్, నేటి సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరులో దాదాపు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను స్వీకరించే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడిన నీటిని జోకిమ్ లార్సన్ నాయకత్వంలోని స్వీడన్ పరిశోధకులు పరీక్షించారు. 2007లో వారు ప్రచురించిన ఫలితాల్లో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. శుద్ధి అయిన తరువాతి లెక్క ఇది. పదహారు లీటర్ల నీటిలో 500 మిల్లీగ్రాముల మాత్రకు సరిపడా మందన్నమాట. రోజుకు 45 కిలోల సిప్రోఫ్లాక్సాసిన్ బయటికి పోతున్నట్లు వారు అంచనా కట్టారు. ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరకు చేరే ఈ కాలుష్యంపై వ్యాజ్యం 1990లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. తరువాత శుద్ధి కేంద్రం నీటిని 18 కిలోమీటర్ల గొట్టపు మార్గంలో నగర మురుగు కాలువకు, అక్కడి నుంచి మూసీ ఒడ్డున ఉన్న అంబర్‌పేట కేంద్రానికి మళ్లించారు. కాలుష్యం ఒక నదిని వదిలి మరో నదిని పట్టుకుంది.

ఈ 45 కిలోలను బొగ్గుతో పట్టాలంటే ఎంత కావాలి? గ్రాము బొగ్గు 100 మిల్లీగ్రాముల మందును పడుతుందని ఉదారంగా అనుకున్నా రోజుకు 450 కిలోల బొగ్గు కావాలి. ఇతర రసాయనాల పోటీని కలిపితే అది టన్నుల్లోకి వెళుతుంది. కర్మాగారపు గేటు లోపలే కట్టడి చేయవలసిన సమస్యకు ఊక బొగ్గు పరిష్కారం కాదు.

అదే లెక్కను 400 పడకల ఊహాత్మక ఆసుపత్రికి వేసి చూద్దాం. పెద్ద ఆసుపత్రులకు ప్రమాణాలు సూచించే పడకకు 450 లీటర్ల చొప్పున రోజుకు 1,80,000 లీటర్ల నీరు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 50 మైక్రోగ్రాములు ఉందనుకుంటే మొత్తం 9 గ్రాములు. బొగ్గు సామర్థ్యం మొదటి లెక్కలో నూరో వంతుకు పడిపోయినా 9 కిలోలు సరిపోతాయి. ఇతర మందులనూ కలుపుకొంటే ఇంకొంత పెరుగుతుంది గానీ, తోటల వ్యర్థాలతో స్థానికంగా తీర్చుకోగల అవసరమే. ద్వీపాలకు ఈ పద్ధతి సరిపోవడానికి కారణం అది చౌక కావడం కాదు, అక్కడి సమస్య పరిమాణం చిన్నది కావడం.

ఇప్పుడు రెండో ప్రశ్న. రోజుకు తొమ్మిది కిలోలంటే ఏడాదికి మూడు టన్నులకు పైగా మందులు అంటిన బొగ్గు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు ఔషధ తయారీలో వాడేసిన కర్బనాన్ని ప్రమాదకర వ్యర్థంగా జాబితాలో చేర్చాయి. ఆసుపత్రి బొగ్గునూ అంతే జాగ్రత్తగా చూడాలి. జీవవైద్య వ్యర్థాల దహన యంత్రంలో రెండో గది ఉష్ణోగ్రత 1,050 డిగ్రీల వరకు ఉండాలి. అక్కడ కాలిస్తే యాంటీబయాటిక్ నిజంగా నాశనమవుతుంది. కానీ ఉమ్మడి శుద్ధి సదుపాయం అందని మారుమూల ప్రాంతాల్లో జీవవైద్య వ్యర్థాలను లోతుగా పాతిపెట్టడానికి ఆ వ్యర్థాలకు సంబంధించిన నిబంధనలే వెసులుబాటు ఇస్తున్నాయి. ఆ దారిలోనే బొగ్గునూ పాతిపెడితే, వానలు విపరీతంగా కురిసే దీవిలో నీటిలోంచి తీసిన మందును మళ్లీ నీటికే అప్పగించినట్లవుతుంది. ఎరువు పేరిట తోటలో చల్లడం అంతకన్నా అనర్థం.

చట్టం ఇంకా ఇక్కడిదాకా రాలేదు. ఆసుపత్రి నీటికి ఉన్న ప్రమాణాలు ఆమ్లత్వం, తేలియాడే ఘనపదార్థాలు, నూనెలు, ఆక్సిజన్ అవసరం, చేపల మనుగడ పరీక్షలకు పరిమితం. మందుల అవశేషాలకు హద్దు లేదు. పరిశ్రమల విషయంలో 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖ విడుదల చేసిన ముసాయిదాలో 121 యాంటీబయాటిక్‌లకు పరిమితులు ప్రతిపాదించారు. 2021లో వచ్చిన తుది ప్రకటనలో అవి కనిపించలేదు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ తయారీ వ్యర్థాలపై మార్గదర్శకాలు వెలువరించినా, వాటిని పాటించితీరాలన్న నిర్బంధం లేదు. మందులకు లొంగని బ్యాక్టీరియా 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మరణాలకు ప్రత్యక్ష కారణమని అంచనా. ఇంత జరుగుతున్నా పరిమితులను తొలగించి ఊరుకోవడం సమర్థనీయం కాదు.

స్విట్జర్లాండ్ 2016 నుంచి ఎంపిక చేసిన శుద్ధి కేంద్రాల్లో ఓజోన్ లేదా ఉత్తేజిత కర్బనంతో అదనపు దశను తప్పనిసరి చేసింది. ఐరోపా సమాఖ్య 2024లో సవరించిన ఆదేశంలో ఆ అదనపు దశ ఖర్చులో కనీసం 80 శాతం ఔషధ, సౌందర్య ఉత్పత్తుల కంపెనీలు భరించాలని నిర్దేశించింది. ఖర్చు ఎవరిదో అక్కడ తేల్చారు. మన దగ్గర మాత్రం బొగ్గు గురించిన పరిశోధన ముందుంది, బిల్లు ఎవరికి పంపాలో తెలియదు.

ద్వీపాల్లో దీన్ని ప్రయత్నించాలంటే సాధారణ జీవశుద్ధి పూర్తయిన నీటికే, చివరి దశలో, బొగ్గు స్తంభాన్ని అమర్చాలి. ముందుగా అక్కడి ఆసుపత్రి నీటినే తెచ్చి పరీక్షించాలి, స్వేదనజలంతో కాదు. వాడిన బొగ్గు ఏ రోజు, ఏ దహన యంత్రానికి వెళుతుందో కొనుగోలు ఉత్తర్వులోనే రాసి ఉండాలి. ఆ యంత్రం లేని దీవిలో స్తంభం పెట్టేముందు, నిండిన సంచులను పడవ మీద తరలించే ఖర్చును కూడా అంచనాలో చేర్చాలి.