పళ్ళున్నా కొరకనిది

మూడు నాలుగేళ్ళ పిల్లలకు పొడుపు కథ వెయ్యడం పెద్దవాళ్ళకు వెయ్యడం కన్నా కష్టం. పెద్దవాడు విప్పలేకపోతే మన తెలివి చాటుకున్నామని సంతోషించవచ్చు. పసివాడు విప్పలేకపోతే ఆట అంతటితో సరి. వాడు లేచి తన బొమ్మ దగ్గరికి పోతాడు.

దండి తన 'కావ్యాదర్శం' మూడవ పరిచ్ఛేదంలో ప్రహేళికలను 16 రకాలుగా చెప్పి, వాటివల్ల మూడు ఉపయోగాలున్నాయన్నాడు. ఒకటి, గోష్ఠులలో వినోదం. రెండు, నలుగురి మధ్య వుండగా రహస్యం మాట్లాడుకోవడం. మూడు, ఎదుటివాణ్ణి తికమకపెట్టడం. పసిపిల్లల దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ మూడవదాన్ని గుమ్మం బయటే విడిచి వెళ్ళాలి. వాళ్ళకు వేసే పొడుపు కథ ఓడించడానికి కాదు, గెలిపించడానికి.

ఈ వయసుకు అన్నిటికన్నా నచ్చేవి మాటతో ఆడుకునే చిన్న ప్రశ్నలు. "ఎగిరే రాయి ఏది?" అని అడగండి. పిల్ల మొదట మీ ముఖం చూస్తుంది. రాయి ఎగరడమేమిటి? అప్పుడు కిటికీ మీద వాలిన పావురాయి వంక ఒక్కసారి చూడండి. చాలు! 'పావు-రాయి' అని రెండు ముక్కలు చేసి అరుస్తుంది. పావురాయికీ రాతికీ చుట్టరికం లేదని మనకు తెలుసు. పాపకు మాత్రం రోజూ వాడే మాటలో ఇంకో మాట దాక్కుని దొరికింది. ఆ సంతోషమే యీ ఆటకు ప్రాణం.

అయితే ఒక్క నియమం వుంది. జవాబు పిల్లల నోట అప్పటికే ఆడుతున్న మాటై వుండాలి. "మెడలో వేసుకోని హారం ఏది?" అంటే "ఆహారం" అని మనం మురిసిపోతాము. నాలుగేళ్ళవాడికి అది బువ్వ, లేకపోతే అన్నం. ఆహారమన్న మాట వాడి యింట్లో ఎవరూ అనరు. "నడవలేని దారి గోదారి" అన్నది రాజమండ్రి పిల్లవాడికి తమాషాగా వుంటుంది. అనంతపురం పిల్లవాడికి దానికన్నా పావురాయే మేలు.

ఇక అసలు సంగతి. ఈమధ్య ఒక యింట్లో నలుగురం కూర్చున్నప్పుడు, ఒక పెద్దమనిషి అయిదేళ్ళు నిండని పాపను "పళ్ళున్నా కొరకనిది ఏది?" అని అడిగారు. పాప ఆలోచించి, "మామిడిచెట్టు!" అన్నది. "తప్పు. దువ్వెన" అన్నారాయన. అందరూ నవ్వారు. పాప మళ్ళీ నోరు విప్పలేదు.

నన్నడిగితే ఆ జవాబుకు పూర్తి మార్కులు వేస్తాను. 'పన్ను' వేరు, 'పండు' వేరు. ఏకవచనంలో ఎవరి దారి వారిదే. బహువచనంలోకి వచ్చేసరికి రెండూ వాడుకలో 'పళ్ళు' అయి కూర్చున్నాయి. మనం తరగతిలో శ్లేష అని పేరు పెట్టి చెప్పేదాన్ని ఆ పాప పేరు తెలియకుండానే పట్టుకున్నది. ప్రశ్న వేసినవారికి తెలిసిన జవాబు ఒకటే. పాప రెండవది కనిపెట్టింది. అలాంటప్పుడు "తప్పు" అనే మాట ఒక్క జవాబును కాదు, రాబోయే పది జవాబులను మింగేస్తుంది.

మరో మాట. 'టీత్' అనీ, 'ఫ్రూట్స్' అనీ మాత్రమే నేర్చిన పిల్లకు యీ చిక్కు రానే రాదు. అక్కడ రెండు వేరు మాటలు, ముడి పడవు. ఇంగ్లీషు నేర్పవద్దని నేననను. ఇంట్లో 'పళ్ళు' అనే మాట మిగలకపోతే మాత్రం యీ పొడుపు కథ కూడా మిగలదు. దాన్ని మరో భాషలోకి మార్చి దాచుకోలేము.

ఆట ఆడే పద్ధతి కూడా చెబుతాను. జవాబు ఎదురుగా వుండేటట్లు చూసుకోండి. "మూడు కళ్ళున్నా చూడలేనిది ఏది?" అని అడిగేముందు పీచు తీసిన కొబ్బరికాయ చేతికివ్వండి, కళ్ళు తడిమి చూసి చెబుతారు. తోచకపోతే జవాబు చెప్పెయ్యకుండా ఒక ఆనవాలు ఇవ్వండి. ఆపైన వాళ్ళవంతు రానివ్వండి. "తెల్లగా వుంటుంది, నేను తింటాను, ఇడ్లీ! ఏమిటో చెప్పు?" అని అడుగుతారు. జవాబు ముందే చెప్పేశావని వెక్కిరించకండి. కాసేపు తల గోక్కుని, "ఇడ్లీయా?" అనండి.

ఈ వారానికి నాలుగు:

1. చేతులున్నా దేన్నీ పట్టుకోలేనిది ఏది?
2. చెట్టుకు కాయని కాయ ఏది?
3. వానకు మొలిచే గొడుగు ఏది?
4. నాలుగు కాళ్ళున్నా నడవనిది ఏది?

(జవాబులు: 1. చొక్కా 2. తలకాయ 3. పుట్టగొడుగు. నాలుగో దానికి జవాబు అచ్చు వెయ్యడం లేదు. మీ అమ్మాయి మంచమన్నా, కుర్చీ అన్నా, నిద్రపోతున్న పిల్లి అన్నా సరే!)