జూన్ లోపే పిల్లల కాగితాలు ఒక ఫైల్లో పెట్టండి

ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలకు పిల్లల్ని తీసుకొచ్చే అమ్మానాన్నలకు, ఇంటి దగ్గరే పాఠం చెప్పించుకుంటున్న పిల్లల పెద్దలకు ఒక మనవి. జూన్‌లో బడులు తెరవకముందే మీ పిల్లల కాగితాలన్నీ ఒక్క ఫైల్లోకి చేర్చండి.

ఐదో తరగతి దాటి హైస్కూలుకు వెళ్తే టీచర్లంతా కొత్తవాళ్లు. ఎడమవైపు నుంచి పిలిస్తే బాబుకు వినపడదనీ, బోర్డు మీది పొడుగు వాక్యం చూసి రాసుకోలేడనీ పాత టీచరుకు తెలుసు. అది ఎక్కడా రాసి లేకపోతే కొత్త సారు అన్నీ మొదటినుంచి కనుక్కోవాలి. అందాకా వాడికి ‘మొద్దు’ అనే పేరు ఖాయం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకు 18 ఏళ్లు నిండేదాకా ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. హక్కు ఉంది కదా అని ఉత్త చేతులతో వెళ్తే పని జరగదు. పదో తరగతి పరీక్షకు రాసిపెట్టే స్క్రైబ్ కావాలన్నా, అదనపు సమయం కావాలన్నా ముందు అడిగేది సర్టిఫికెట్టే.

వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) ముందు పెట్టండి. సదరం తాత్కాలికంగా ఇచ్చారా, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో చూసి ఆ తేదీ ఫైలు అట్ట మీదే రాయండి. వాటి వెనక డాక్టర్ల, సైకాలజిస్టుల రిపోర్టులు తేదీల వరసన పెట్టండి. చెవి పరీక్ష చీటీ ఒక్కోచోట బస్సు టికెట్టు లాంటి నున్నటి కాగితం మీద ఇస్తారు. కొన్నాళ్లకు అక్షరాలు వెలిసిపోయి తెల్ల కాగితమే మిగులుతుంది. ఇచ్చిన రోజే జిరాక్స్ తీయించండి. ఫోన్లో ఫొటో ఉందిలే అనుకోకండి, ఫోన్లు పోతాయి. ఒరిజినల్ మాత్రం ఎవరడిగినా చూపించి వెనక్కి తీసుకోండి. బడికిచ్చే ప్రతి అర్జీ రెండో ప్రతి మీద అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి.

పేర్లు కూడా సరిచూడండి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, బడి రిజిస్టర్లో పొడి అక్షరంతో, సదరంలో ఇంకో స్పెల్లింగుతో ఉండటం మనకు మామూలే. పదో తరగతి దాకా ఆగితే వాటిని సరిచేయించుకునే తిరుగుడు మీ వల్ల కాదు.

హెడ్మాస్టర్లకూ ఒక మాట. పిల్లవాడి కోసం తయారుచేసే వ్యక్తిగత విద్యా ప్రణాళిక మీ బీరువాలోనే ఉండిపోతే ఇంట్లోవాళ్లకు ఏం తెలుస్తుంది? ఒక ప్రతి వాళ్ల చేతికివ్వండి. టీసీ ఇచ్చేటప్పుడు దాన్నీ జతచేయండి.

చదువు రాని తల్లిదండ్రులకు ఇదంతా కష్టమే. ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలు ఒక ఆదివారం వాళ్లింట్లో కూర్చుని కాగితాల కవరు విప్పి, తేదీలు చూసి సర్దిపెట్టండి. అందులో ఉన్నది మాత్రం బయట చెప్పకండి, వాట్సాప్ గ్రూపుల్లో అసలే పెట్టకండి.