కాశీకి తోడెవరు?

శ్రీరామనవమి కల్యాణానికి మధిర నుంచి భద్రాచలం వెళ్లాలనుకోగానే మనం ముందు అడిగేదేమిటి? బస్సు ఎన్నింటికని కాదు, "ఎవరెవరు వస్తున్నారు?" అని! పులిహోర సరిపోతుందా అన్న బెంగకన్నా పక్క సీట్లో ఎవరు కూర్చుంటారన్న బెంగే ఎక్కువ.

ఇలాంటి బెంగతోనే మొదలయ్యే పుస్తకం ఒకటుంది చెల్లెమ్మలూ, 'కాశీమజిలీ కథలు'. రాసినవారు మధిర సుబ్బన్న దీక్షితులు గారు (1868-1928). ఇంటిపేరు మన ఊరి పేరే గానీ, ఆయన ఉన్నది రాజమండ్రిలో.

మణిసిద్ధుడనే యతికి కాశీ వెళ్లాలని కోరిక. కాలినడక రోజులాయె! కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనుకునే కాలంలో తోడెవరొస్తారు? అడిగినవాళ్లందరూ తప్పుకున్నారు. చివరికి సరేనన్నవాడెవరయ్యా అంటే, పశువులు కాచుకునే ఓ కుర్రాడు. శాస్త్రం తెలియదు, ఆచారం తెలియదు. బేరమాడటంలో మాత్రం కూరల బజారులో మన అత్తగార్లకు ఏమాత్రం తీసిపోడు. దారిలో తను చూసిన వింతల గురించి ఏది అడిగినా చెప్పాలట, చెప్పకపోతే అక్కణ్నించే ఇంటికి తిరిగొచ్చేస్తాడట!

ఇక చూడండి తమాషా. మజిలీ చేరగానే సిద్ధుడు తన స్నానం, జపం చూసుకుంటుంటే వీడు ఊరి మీద పడతాడు. ఏదో వింత చూసి పరుగెత్తుకొస్తాడు. సిద్ధుడు తన దగ్గరున్న మణి మహిమతో జరిగిందంతా తెలుసుకుని కథ మొదలుపెడతాడు. ఎక్కడా తెలియనిదంటూ లేని మహానుభావుడు, ఒక పసివాడు అలిగి వెనక్కి పోతాడేమోనని రోజుకో కథ చెప్పి బతిమాలుకోవడం! రాకుమారులూ రాకుమార్తెల కన్నా నాకు ఈ ఇద్దరే ఇష్టం.

మనమైతే బస్సులో "అదేంటమ్మా? ఎందుకమ్మా?" అని అడిగేవాడి చేతిలో ఓ జంతిక పెట్టి నోరు మూయిస్తాం. వీడి నోరు మూయిస్తే కాశీ ప్రయాణమే ఆగిపోను!

ఉన్నమాట చెప్పాలి కదా, మొత్తం పన్నెండు భాగాలు. భాష గ్రాంథికం. కథలో కథ, అందులో ఇంకో కథ, జడ చిక్కుపడ్డట్టే ఉంటుంది. వర్ణనలు వస్తే నేను నిర్మొహమాటంగా పేజీలు తిప్పేస్తాను. అయినా 'పాతాళ భైరవి' (1951) సినిమాకు మూలం ఈ కథల్లోనే ఉందంటారు, అంటే రుచి మనకు కొత్తదేం కాదు.

వరుసగా చదవాలని పట్టుబట్టకండి. గ్రాంథికం అలవాటున్న అత్తగారో పెద్దమ్మో ఇంట్లో ఉంటే ఆవిడ చేత చదివించి, పిల్లలకు మీరు వాడుక మాటల్లో చెప్పండి. ఈసారి భద్రాచలం వెళ్లేటప్పుడు సంచిలో మొదటి భాగం పెట్టుకోండి. వైరా దాటాక ఒక మజిలీ మొదలుపెడితే కొత్తగూడెం వచ్చేసరికి ముందు సీటువాళ్లు కూడా వెనక్కి తిరిగి వింటుంటారు. పులిహోర కాస్త ఎక్కువే కలపండి మరి.