సొంత అభిప్రాయం ఎక్కువైందట!

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ సంచాలకుల వారికి, పెద్దదోర్నాల నుంచి ఒక తెలుగు ఉపాధ్యాయుడు రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా,

ఈమధ్య మా దగ్గర హైస్కూలు పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టారు. పెట్టిందెవరన్నది ఇక్కడ అనవసరం, మీరైతే కాదు. విషయం ‘అడవుల సంరక్షణ – మన బాధ్యత’. మా ఏడో తరగతి అమ్మాయి మొదటి వాక్యంలోనే తేల్చేసింది: “నల్లమలను కాపాడాలంటే అందులో ఉన్న చెంచులను బయటికి పంపకూడదు.” ఆ తర్వాత మూడు కారణాలు రాసింది. అడవిలో నిప్పు లేస్తే ముందు పసిగట్టేది వాళ్లేనంది. అటవీశాఖ కాపలా శిబిరాల్లో చెంచులే పనిచేస్తున్నారంది. తేనె తీసుకునే మనిషి చెట్టు కొట్టడంది. మూడోదాంతో నాకు పేచీ ఉంది. ఉండనివ్వండి, పేచీ పెట్టుకోవడానికి అక్కడ ఒక మాటంటూ ఉంది కదా! కాగితం తిరిగొచ్చింది. ఎర్రసిరాతో రెండు ముక్కలు: “ఉపశీర్షికలు లేవు. సొంత అభిప్రాయం ఎక్కువ.”

మొదటి బహుమతి వ్యాసమూ అడిగి తెచ్చుకుని చదివాను. సంస్కృత సూక్తితో మొదలు. ఆ వెనక వరసగా ఉపోద్ఘాతం, ఉపయోగాలు, నష్టాలు, నివారణోపాయాలు, ముగింపు. దస్తూరీ ముచ్చటగా ఉంది. అందులో ‘అడవులు’ అన్నచోటల్లా ‘నీరు’ అని మారిస్తే నీటి పొదుపు వ్యాసం అయిపోతుంది. దోర్నాల గడ్డ మీద కూర్చుని అడవి గురించి రెండు పేజీలు రాసి, నల్లమల పేరు ఒక్కచోటైనా ఎత్తలేదు. ఆ పిల్లవాణ్ని నేనేమీ అనను. గైడులో ఉన్నది రాశాడు, అడిగినవాళ్లు కోరుకున్నదీ అదే.

దీనికీ మీకూ ఏం సంబంధం అంటారేమో. మీ తెలుగు పాఠాల వెనక ‘వ్యక్తీకరణ–సృజనాత్మకత’ అని ఉంటుంది. నిర్మాణాత్మక మూల్యాంకనంలో రాత అంశాలు పిల్లల సొంత మాటల్లో ఉండాలన్నదీ మీ మాటే. లేఖ రాయమంటారు, సంభాషణ రాయమంటారు, కరపత్రం రాయమంటారు. మంచిదే. కానీ ఒక పిల్ల ‘నేను ఇదంటున్నాను, ఇందుకని అంటున్నాను’ అని ఒక్క వాక్యానికి కట్టుబడి, చివరిదాకా దాన్ని వదలకుండా రాయడం ఏ అభ్యాసంలో నేర్చుకోవాలి? ఇంగ్లీషు మాస్టారు దాన్ని థీసిస్ స్టేట్‌మెంట్ అంటాడు. నేను పిల్లలతో ‘నీ మాట చెప్పు’ అంటాను, అంతే.

మా తరగతిలో అది ఎట్లా నడుస్తుందో ఒకటి చెబుతాను. దోర్నాల–శ్రీశైలం ఘాట్ రోడ్డు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు. పులుల అభయారణ్యం కాబట్టి చెక్‌పోస్టు గేటు పడుతుంది. ఇది సరైనదేనా అని అడిగాను. ఒకడు రాశాడు: “ఈ వ్యాసంలో ఘాట్ రోడ్డు గురించి తెలుసుకుందాం.” కొట్టేయించాను. రెండోసారి, “రోడ్డు మూయడం వల్ల లాభాలూ నష్టాలూ ఉన్నాయి” అన్నాడు. దీన్ని కాదనేవాడు ఊళ్లో ఒక్కడైనా ఉంటాడా అని అడిగాను. ఎవరూ ఉండరన్నాడు. అయితే అది నీ మాట కాదన్నాను. మూడోసారి వచ్చింది: “జంతువులు రోడ్డు దాటేది రాత్రిపూట ఎక్కువ కాబట్టి రోడ్డు మూయాల్సిందే, కానీ అంబులెన్సుకు గేటు తీయాలి.” వెనక బెంచీ నుంచి ఒక లారీ డ్రైవరు కొడుకు వెంటనే లేచాడు. మరి సరుకు పాడైపోతే ఎవరిస్తారు సార్? ఆ రోజు గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

వివరించే వ్యాసానికి వాదన అక్కర్లేదు, కానీ దారి కావాలి. వెలిగొండ ప్రాజెక్టు గురించి రాయమంటే అందరూ ‘మా ప్రాంతానికి వరం’ అని మొదలుపెట్టారు. ఒక పిల్ల మాత్రం, “కృష్ణా నీళ్లు శ్రీశైలం జలాశయం నుంచి కొండ కింద రెండు సొరంగాల్లో వచ్చి, ఫీడర్ కాలువ దాటి, నల్లమల సాగర్‌లో నిలిచాకే పొలాలకు పోవాలి” అని రాసింది. ఆ వాక్యమే పేరాలన్నిటినీ పంచిపెట్టింది. మధ్యలో ఒకడు అడిగాడు: “1996లో శంకుస్థాపన చేశారంట, మా నాన్న అప్పుడు నిక్కర్లేసుకునేవాడంట, అది కూడా రాయొచ్చా సార్?” నీళ్లు ఎట్లా వస్తాయన్న వ్యాసంలోకి అది రాదు, ఎందుకు రాలేదన్న వ్యాసంలో మొదటి పేరా అదే అన్నాను.

ఈ పిల్లలకు బుర్ర లేదని ఎవరనగలరు? వాదన తెలుగు వ్యాసానికీ కొత్త కాదు, అది మొదలైందే వాదనతో. ముద్దునరసింహం నాయని గారి వ్యాసాల పుస్తకం హితసూచని 1862లోనే అచ్చయింది. వీరేశలింగం గారు వితంతు వివాహం మీద మాట్లాడింది లాభనష్టాల పట్టిక వేసి కాదు. మరి మన బడిలోకి వచ్చేసరికి ఆ వ్యాసానికి నోరెందుకు పడిపోయింది?

విసుగొచ్చి రాస్తున్నాను, మన్నించండి. ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఒక భాషగా పుస్తకాలొచ్చాయి. ట్యాబులొచ్చాయి. బడిపిల్లలకు టోఫెల్ పరీక్ష వచ్చింది, పోయింది. కొన్ని బడులకు సీబీఎస్ఈ వచ్చింది, పోయింది. వచ్చిన ప్రతిసారీ శిక్షణకు వెళ్లాం, పోయినప్పుడు ఎందుకు పోయిందో చెప్పినవాళ్లు లేరు. ఇన్నిటిలో పిల్లవాడు ఏమనుకుంటున్నాడని అడిగింది ఏది? ఉపశీర్షికకు మార్కుంటే కారణానికి ఎందుకుండదు? దిద్దేవాడికి నచ్చని అభిప్రాయం రాస్తే మార్కు పోతుందన్న భయం ఆరో తరగతిలోనే పడితే, పదికి వచ్చేసరికి వాళ్ల దగ్గర గైడు తప్ప ఏం మిగులుతుంది? అసలు సొంత అభిప్రాయం ఎక్కువ కావడం తప్పెట్లా అయింది?

కొత్త పథకం పెట్టమని అడగడం లేదు, ఉన్నవి చాలు. పిల్ల ఒక మాట అని దానికి కారణం చెబితే అది నేరం కాదని, దిద్దేవాళ్లందరికీ అర్థమయ్యేలా మీ వైపు నుంచి ఏదో ఒకటి రావాలి. ఎట్లా పంపాలన్నది మీకే వదిలేస్తున్నాను. కాగితం మీద వస్తే మాత్రం మా స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో అందరి ముందూ చదివి వినిపిస్తాను.

ఇట్లు,
పెద్దదోర్నాల నుంచి,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు