అన్నీ గోరుచుట్లు కావు



మన ఇళ్ళలో గోరు పక్కన ఎర్రబడితే గోరుచుట్టు అంటాం, నిమ్మకాయ తొడుగుతాం. గోరు మీద మచ్చ కనిపిస్తే కాల్షియం తక్కువైందంటాం. ఈ రెండు మాటలతో సరిపెట్టుకోవడం మంచిది కాదని నా అభిప్రాయం.

సాధారణ గోరుచుట్టు ఒక వేలికి వస్తుంది, చీము పడుతుంది, చికిత్సతో తగ్గుతుంది. అంట్లు, బట్టలతో ఎప్పుడూ నీళ్ళలో నానే చేతులకు రెండు మూడు వేళ్ళకూ రావచ్చు. కానీ చీము లేకుండా చాలా వేళ్ళ గోరు మొదళ్ళు ఎర్రగా ఉండి వారాల తరబడి తగ్గకపోతే, అది లోపలి జబ్బుకు గుర్తు కావచ్చు.

చర్మాన్ని, కండరాలను, కీళ్ళను పట్టి ఉంచేది సంయోజక కణజాలం. మనల్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే దానిపై దాడి చేస్తే లూపస్, స్క్లీరోడెర్మా, డెర్మటోమయోసైటిస్ వంటి జబ్బులు వస్తాయి. ఇవి అంటువ్యాధులు కావు. స్త్రీలలో ఎక్కువ. లూపస్ వచ్చిన ప్రతి పదిమందిలో సుమారు తొమ్మిదిమంది స్త్రీలే.

గోరు మొదట్లో చర్మం పలుచన. అక్కడి సన్నని రక్తనాళాలను భూతద్దం వంటి పరికరంతో నేరుగా చూడవచ్చు. స్క్లీరోడెర్మాలో అవి ఉబ్బిపోతాయి, కొన్నిచోట్ల నశించిపోతాయి. 2013లో అమెరికా, ఐరోపా నిపుణుల సంఘాలు ప్రకటించిన స్క్లీరోడెర్మా ప్రమాణాలలో ఈ మార్పు కూడా ఉంది.

ఈ గుర్తులు గమనించండి:

• గోరు మొదట్లోని పలుచని పొర గరుకుగా, చిరిగినట్లు పెరగడం, ముట్టుకుంటే నొప్పి
• అక్కడ ఎర్రని గీతలు, చిన్న రక్తపు చుక్కలు
• చన్నీళ్ళు తగిలితే వేళ్ళు తెల్లబడి, నీలంగా మారి, తర్వాత ఎర్రబడడం
• వేలి కొసలలో గుంటలు, మానని పుండ్లు

వీటితోపాటు కీళ్ళనొప్పులు, ముఖంపై ఎర్రమచ్చలు, మెట్లెక్కలేని నీరసం, ఆయాసం ఉంటే ఆలస్యం చేయకండి. లూపస్ మూత్రపిండాలను, స్క్లీరోడెర్మా ఊపిరితిత్తులను చాలాకాలం చప్పుడు లేకుండా దెబ్బతీయగలవు.

అలాగని ప్రతి గీతకూ భయపడవద్దు. వయసుతో వచ్చే నిలువు గీతలు సహజం. తెల్లచుక్కలు చాలావరకు చిన్న దెబ్బల వల్ల వచ్చేవే. గోళ్ళను చూసి మాత్రమే ఎవరూ జబ్బు నిర్ధారించరు. డాక్టరుగారు పరీక్షించి, అవసరమైతే రక్తంలో ఏఎన్ఏ, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు రాస్తారు.

మీకు నా విన్నపం ఒకటే. ఆస్పత్రికి వచ్చేముందు గోళ్ళ రంగు తుడిచి రండి. వేలి కొసలకు గోరింటాకు ఉంటే ఆ విషయం చెప్పండి, దాని కింద రంగు మార్పు కనబడదు. మా నర్సులకూ ఒక మాట: నాడి చూడడానికి ఎలాగూ చేయి పట్టుకుంటాం. పది వేళ్ళూ చూడడానికి నిమిషం చాలు. చూసింది కేసు షీటులో రాయండి.